స్విఫ్ట్ ముందు స్కైలైన్ ఎందుకు ఓడింది?

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. 2004 నుంచి ఏడేళ్లు హనుమకొండ నయీంనగర్‌లో ఆరు కంప్యూటర్ల నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు హంటర్ రోడ్డులో టైర్లు, వీల్ అలైన్‌మెంట్ షాపు. పగలంతా నిజం కార్ల కింద దూరుతాను, రాత్రి టీవీ ముందు గేమ్ కార్లు తోలుతాను. రేసింగ్ గేముల్లో ఏ కారు మంచిదని అడిగేవాళ్లకు ఈ పేజీలో జవాబులు రాస్తున్నాను. ఈ నెల ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి. ఒకదానికే సగం పేజీ పోయింది, మిగతావాళ్లు ఏమనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, నేను గ్రాన్ టురిస్మో 7 ఆడుతున్నాను. ముందు సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్ తోలేవాడిని. క్రెడిట్లు కూడబెట్టి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 కొన్నాను. పవర్ రెట్టింపు. అయినా త్సుకుబా ట్రాక్ మీద స్విఫ్ట్‌తోనే రేసులు గెలుస్తున్నాను, స్కైలైన్‌తో ఓడుతున్నాను. మా తమ్ముడు ఒకటే నవ్వుడు. లోపం కారుదా, నాదా?
– ఇంటర్ విద్యార్థి, నర్సంపేట

జవాబు: తమ్మీ, లోపం కారుది కాదు. నీది కూడా పూర్తిగా కాదు. సగం లోపం నువ్వు పోల్చిన పద్ధతిది.

ముందు కాగితం మీది లెక్క చూద్దాం. 2017 స్విఫ్ట్ స్పోర్ట్ జపాన్ మోడల్ బరువు 970 కిలోలు, పవర్ 140 హార్స్‌పవర్. అంటే ఒక్కో గుర్రం సుమారు 7 కిలోలు లాగాలి. స్కైలైన్ ఆర్34 బరువు 1560 కిలోలు, పవర్ 280. ఒక్కో గుర్రానికి 5.6 కిలోలే. (ఆ 280 కూడా కాగితం మీద మాటే. అంతకు మించి ప్రకటించకూడదని ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. అసలు ఇంజిన్‌లో అంతకంటే ఎక్కువే ఉంటుందని అందరికీ తెలుసు.) కాబట్టి తిన్నటి రోడ్డు మీద స్కైలైన్‌ను స్విఫ్ట్ అందుకోలేదు.

కానీ నువ్వు తోలింది త్సుకుబాలో. మొత్తం 2 కిలోమీటర్ల చిన్న ట్రాక్. ఇంత చిన్నదానిలో హెయిర్‌పిన్ మలుపులు (జడపిన్నులా వెనక్కి తిరిగేవి), వెనక ఒక తిన్నటి రోడ్డు, దాని చివర కుడికి తిరిగే పొడవాటి ఆఖరి మలుపు. స్కైలైన్ తన బలం చూపించే చోటు ఆ వెనక రోడ్డొక్కటే. అక్కడ అది స్విఫ్ట్ కంటే ఎక్కువ స్పీడులో వస్తుంది, అసలు చిక్కు అక్కడే. 100 స్పీడులో వచ్చే బండి కంటే 120లో వచ్చే బండి ఆగడానికి దాదాపు ఒకటిన్నర రెట్లు దూరం కావాలి. నువ్వేమో స్విఫ్ట్‌కు అలవాటైన చోటే బ్రేక్ కొడుతున్నావు. ఉత్తరంలో రాయలేదు గానీ, ఆఖరి మలుపులో ప్రతిసారీ ఎడమ పక్క మట్టిలోకి పోతున్నావు. అవునా, కాదా?

మా నాన్న కరీంనగర్ గ్రానైట్ రాళ్లు లారీలో తోలేవాడు. ఖాళీ బండితో వచ్చేటప్పుడు ఒక చోట బ్రేక్, లోడ్ బండితో పోయేటప్పుడు ఇంకోచోట. "మలుపు కనబడ్డంక గాదురా, మలుపు యాదికొచ్చినప్పుడే కాలు పెట్టాలె" అనేవాడు. స్కైలైన్ నీకు లోడ్ బండి. వెనక రోడ్డు చివర ట్రాక్ పక్కన దూరం బోర్డులు చూసుకో. స్విఫ్ట్‌కు కొట్టే చోటికంటే బాగా ముందే బ్రేక్ కొట్టి మొదలుపెట్టు, తర్వాత కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుకుంటూ పో.

రెండో సంగతి టైర్లు. ఇది నా షాపు సంగతి కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. ఆ గేమ్‌లో రోడ్డు టైర్లు మూడు కుటుంబాలు: కంఫర్ట్, స్పోర్ట్స్, రేసింగ్. ఒక్కో కుటుంబంలో హార్డ్, మీడియం, సాఫ్ట్. ఒక కారుకు సాఫ్ట్, ఇంకో కారుకు హార్డ్ వేసి ఇది మంచిది, అది చెడ్డది అంటే ఆ మాటకు విలువ లేదు. మా షాపులోనూ ఇంతే. "నా కారు ఊగుతోంది, పక్కింటాయన కారు ఊగట్లేదు" అని వస్తారు. చూస్తే ఈయన టైర్లు గుండు తేలి ఉంటాయి, ఆయనవి మొన్న మార్చినవి. నీ రెండు కార్లకూ స్పోర్ట్స్ మీడియం వెయ్యి. ట్యూనింగ్ ఏమీ ముట్టుకోకు. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు పట్టు తప్పి తిరగకుండా ఆపే సెట్టింగ్) రెండిటికీ ఒకే నంబరులో పెట్టు. ఇంకో కారు లేకుండా ట్రాక్ మీద ఒక్కడివే తిరుగు.

ఇప్పుడు నా నోట్‌బుక్ పద్ధతి. ఒక్కో కారుతో పది ల్యాప్‌లు, అంటే ట్రాక్ చుట్టూ పది రౌండ్లు తిరుగుతాను. మొదటి రెండూ వదిలేస్తాను, చేయి కుదరడానికి. మిగిలిన ఎనిమిదీ రాస్తాను, రోడ్డు దిగిన ల్యాప్‌తో సహా. చాలామంది మంచి ల్యాప్ ఒక్కటి చూసి తీర్పు చెప్పేస్తారు. నేను మంచి ల్యాప్‌కూ చెడ్డ ల్యాప్‌కూ మధ్య తేడా చూస్తాను. ఈ రెండు కార్లతో నాకు వచ్చింది చెప్తాను: స్కైలైన్ మంచి ల్యాప్ స్విఫ్ట్ మంచి ల్యాప్ కంటే 3 సెకన్లు ముందు. కానీ స్కైలైన్‌తో నా మంచి ల్యాప్‌కూ చెడ్డ ల్యాప్‌కూ తేడా 5 సెకన్లు, స్విఫ్ట్‌తో ఒక్క సెకను. అంటే తప్పు చేసిన ల్యాప్‌లో స్కైలైన్ స్విఫ్ట్ వెనకే ఉంది. రేసులో మంచి ల్యాప్ ఒక్కటే లెక్కకు రాదు కదా, అన్నీ వస్తాయి.

స్విఫ్ట్ ఎందుకు అంత కుదురుగా ఉంటుందంటే, అది ముందు చక్రాలతో నడిచే బండి. మలుపులో రేజ్ ఎక్కువిస్తే ముక్కు తిరగకుండా బయటికి జారుతుంది. రేజ్ తగ్గిస్తే మళ్లీ దారికొస్తుంది. భయం వేసినప్పుడు ఎవరైనా చేసే పని కాలు తీయడమే కాబట్టి, ఈ బండి మన భయంతో కలిసి వస్తుంది. స్కైలైన్ మామూలుగా వెనక చక్రాలతో నడిచే బండి. వెనక జారుతుంటే అప్పుడు పవర్‌లో కొంత ముందు చక్రాలకు పంపే ఏర్పాటు ఉంది. కాబట్టి తోక జాడించినా చెయ్యి దాటిపోదు, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ధైర్యంగా రేజ్ ఇవ్వొచ్చు. నువ్వు ఆ పని చేయట్లేదని నా అనుమానం. మలుపులోకి వేగంగా దూరి, బయటికి మెల్లగా వస్తున్నావు. తిరగేసి చూడు. పది ల్యాప్‌ల టైములూ రాసి పంపు, తమ్ముడివి కూడా.

ప్రశ్న: ఫోర్జా హొరైజన్ 5లో నా మస్టాంగ్, మా దోస్తు సుబారు ఇంప్రెజా రెండూ 'ఏ' (A) క్లాసే, గేమ్ ఇచ్చిన రేటింగ్ 800. నంబర్ ఒకటే అయినప్పుడు ప్రతిసారీ వాడే ఎందుకు గెలుస్తున్నాడు?
– కరీంనగర్

జవాబు: ఇంటర్‌లో వెయ్యికి 800 వచ్చినవాళ్లు ఇద్దరున్నారనుకో. ఒకరికి మ్యాథ్స్‌లో నూటికి నూరు, ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఇంకొకరికి అన్నింట్లో సమానంగా వచ్చాయి. టోటల్ ఒకటేనని ఇద్దరినీ మ్యాథ్స్ పోటీకి పంపితే ఏమవుతుంది? ఆ 800 కూడా అలాంటి టోటలే. కారు పేజీలో స్పీడ్, హ్యాండ్లింగ్, యాక్సిలరేషన్, లాంచ్, బ్రేకింగ్, ఆఫ్‌రోడ్ అని విడివిడి మార్కులుంటాయి. మెమో అంతా చదువు. మస్టాంగ్ మార్కులు స్పీడ్‌లో ఎక్కువుండి ఉంటాయి. సుబారు నాలుగు చక్రాలతో నడిచే బండి, పైగా ర్యాలీల్లో పుట్టిపెరిగిన పేరు. ఆ గేమ్ జరిగేది మెక్సికోలో. మట్టి, బురద, అడవి దారి ఎక్కువ. మీ దోస్తు ఏ రేసు పెడుతున్నాడో గమనించావా? ఈసారి ట్రాక్ నువ్వు ఎంచుకో. పొడవాటి తారురోడ్డు రేసు పెట్టు. ఓడితే నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: హాస్టల్‌లో ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఆడుతున్నాను. వెనక చక్రాల కార్లన్నీ గిర్రున తిరిగిపోతున్నాయి. స్టీరింగ్ వీల్ కొనాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. మామూలు గేమ్ ప్యాడ్ (రెండు చేతుల్తో పట్టుకునే కంట్రోలర్) కొనుక్కో చాలు. కీబోర్డు మీద రేజ్ అంటే సున్నా లేకపోతే నూరు, మధ్యలో ఏమీ లేదు. వెనక చక్రాల బండికి మలుపులో కావలసింది ఆ మధ్యదే, ముప్పై, నలభై. ప్యాడ్ వెనక ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత ఇస్తుంది. నెట్ సెంటర్ రోజుల్లో పిల్లలంతా నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌లో బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ కోసం కొట్టుకునేవాళ్లు. కీబోర్డులతోనే ఆడారు, ఎవరూ గిర్రున తిరగలేదు. ఆ గేమ్ అంత క్షమించేది. ఇప్పటి గేములు క్షమించవు. ప్యాడ్ వచ్చేదాకా ముందు చక్రాల కార్లతో ఆడు.

ప్రశ్న: గేమ్‌లో పోర్షే టైకాన్ అనే ఎలక్ట్రిక్ కారు తోలితే ఇంజిన్ శబ్దం లేదు, గేర్లు మార్చినట్టే ఉండదు. కారు తోలినట్టే లేదు. దీన్ని ఎలా అంచనా వేయాలి?
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: మీకు ఇబ్బంది ఎక్కడో నాకు తెలుసు, నేనూ పడ్డాను. మనం స్పీడు కంటితో చూడం, ఇంజిన్ మోతతో చెవితో కొలుస్తాం. ఆ మోత పోతే బ్రేక్ ఎక్కడ కొట్టాలో తెలియదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ (ఎలక్ట్రిక్ కార్ల) రేసుకు పోయాను. కార్లు కూత పెడుతూ పోతుంటే ఇంజిన్ మోత లేనందుకు ముందు ఉసూరుమన్నాను. కాసేపటికి టైర్ల చప్పుడు వినబడటం మొదలైంది. ఇంటికొచ్చి గేమ్‌లో పాట ఆపేసి, టైర్ల చప్పుడు మాత్రమే వింటూ టైకాన్ తోలాను. కీచుమనడం మొదలవగానే స్టీరింగ్ కొంచెం వదలాలి, అంతే. ఇక బరువు సంగతి. టైకాన్ టర్బో ఎస్ సుమారు 2300 కిలోలు, పైన చెప్పిన స్విఫ్ట్‌లు రెండు కలిపినా ఇంకా మిగులుతుంది. లేచేటప్పుడు ఆ బరువు తెలియదు, మలుపు దగ్గర తెలుస్తుంది. దీన్ని పెట్రోల్ కార్లతో పోల్చాలంటే పొడవాటి మలుపులున్న ట్రాక్ తీసుకోండి.

ప్రశ్న: మావాడికి 16 ఏళ్లు. మూడేళ్లుగా కార్ల గేమ్ ఆడుతున్నాడు. "నాకు డ్రైవింగ్ వచ్చు, మన ఆల్టో ఇవ్వు" అని సతాయిస్తున్నాడు. గేమ్‌తో నిజంగా డ్రైవింగ్ వస్తుందా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అక్కా, తాళంచెవి దాచిపెట్టండి. 18 నిండకుండా కారు తోలితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కేసు తల్లిదండ్రుల మీద కూడా పడుతుంది. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది చట్టంలో.

ఇక వస్తుందా అంటే, కొంత వస్తుంది. 2011లో జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటన్ కుర్రాడు గ్రాన్ టురిస్మో ఆడేవాళ్లకు పెట్టిన పోటీలో గెలిచి నిజం రేసర్ అయ్యాడు, ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసులో కూడా తోలాడు. మీవాడు ఈ కథ మీకు ఇప్పటికే చెప్పి ఉంటాడు. అతన్ని కూడా నేరుగా రేసుకు పంపలేదని, ముందు నెలల తరబడి నిజం ట్రాక్ మీద శిక్షణ ఇచ్చారని మాత్రం చెప్పి ఉండడు. గేమ్‌లో బ్రేక్ ఎక్కడ కొట్టాలో, బరువు ఎటు మళ్లుతుందో తెలుస్తుంది. జనగామ బస్టాండ్ ముందు ఆటో ఎటు తిరుగుతుందో తెలియదు. రాంగ్ రూట్‌లో వచ్చే బండిని, రోడ్డు మధ్యలో పడుకున్న బర్రెను నేనాడిన ఏ రేసు గేమూ పెట్టలేదు. ఈ ఆదివారం అతని పక్కన కూర్చుని ఒక పందెం కాయండి: ఒక్కసారి కూడా దేన్నీ తగలకుండా పది ల్యాప్‌లు తిరగమనండి. ఎన్నింటి దాకా వెళ్లాడో నాకు రాయండి.

ప్రశ్న: పోయిన నెల మీరు ఆర్34 స్కైలైన్ ఇంజిన్ 3 లీటర్లని రాశారు. 2.6 కదా?
– కాజీపేట

జవాబు: 2.6 లీటర్లే, 2568 సీసీ. 3 లీటర్లది టొయోటా సుప్రా. రెండింటికీ వరుసగా ఆరు సిలిండర్లు, రెండేసి టర్బోలు. షాపు గోడ మీది సుప్రా పోస్టర్ ఎదురుగా కూర్చుని స్కైలైన్ గురించి రాశాను. పోస్టర్ తీయలేదు, కుర్చీ తిప్పుకున్నాను.