ఈఈజీలో ట్రైఫేసిక్ వేవ్స్ అని వస్తే ఫిట్స్ ఉన్నట్టేనా?

సిరోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉన్న మీ నాయన పగలంతా నిద్రపోయి రాత్రి తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడని, కడపలో తీయించిన ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష)లో ‘థీటా స్లోయింగ్, ట్రైఫేసిక్ వేవ్స్’ అని వచ్చిందని, ఫిట్స్ మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది చాలావరకు ఫిట్స్ కాదు, లివర్ జబ్బు వల్ల మెదడు మందగించడం (హెపాటిక్ ఎన్‌సెఫలోపతి). సొంతంగా మాత్రలు అసలు మొదలుపెట్టొద్దు. ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మాత్ర. అది అమ్మోనియాను పెంచుతుంది, లివర్‌నూ దెబ్బతీస్తుంది.

కళ్లు మూసుకుని మెలకువగా ఉన్న మనిషికి తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 ఆల్ఫా తరంగాలు వస్తాయి. లివర్ వడకట్టలేని అమ్మోనియా మెదడుకు చేరితే అక్కడి ఆస్ట్రోసైట్ కణాలు దాన్ని గ్లుటమిన్‌గా మార్చి ఉబ్బుతాయి, ఆ లయ మందగిస్తుంది. ముందు 4-8 మధ్య థీటా, ముదిరితే 4 కంటే తక్కువ డెల్టా. ట్రైఫేసిక్ వేవ్స్ కనిపించేది ఎక్కువగా ఈ మధ్య దశలోనే: చిన్నగా పైకి, పెద్దగా కిందికి, మళ్లీ నిదానంగా పైకి, సెకనుకు సుమారు రెండు, నుదుటి వైపు పెద్దగా. మనిషి కోమాలోకి జారితే ఇవి మాయమవుతాయి. కాబట్టి రెండో రిపోర్టులో ఇవి లేవని సంతోషపడేముందు మనిషి తేరుకున్నాడా లేదా చూడండి.

ఇవి లివర్ జబ్బులోనే వస్తాయనీ లేదు. కిడ్నీ ఫెయిలైనా, సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఒంట్లో ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. క్రియాటినిన్, సోడియం, షుగర్ రిపోర్టులు, వాడిన మందుల చీటీ అన్నీ డాక్టరు ముందు పెట్టండి. బయటికి కనపడని ఫిట్స్ కూడా ఒక్కోసారి ఇదే రూపంలో ఉంటాయి. ఆ తేడా తేల్చడానికి ఇచ్చే లొరాజెపామ్ అనే మత్తు మందుతో రెండింటిలోనూ తరంగాలు తగ్గొచ్చు, పైగా లివర్ రోగి ఇంకా మత్తులోకి పోవచ్చు. అందుకే అది ఆసుపత్రిలోనే జరగాలి.

రిపోర్టు తప్పుదారి పట్టేది ఎక్కువగా తీసే పద్ధతిలోనే. పులివెందుల వైపు నుంచో జమ్మలమడుగు వైపు నుంచో తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి బల్ల మీద పడుకోగానే కునుకు తీస్తాడు. కునుకులో ఎవరికైనా థీటా వస్తుంది. టెక్నీషియన్ పేరు పెట్టి పిలిచి, చప్పట్లు కొట్టి లేపి, మెలకువలో ఉన్న భాగాన్ని గుర్తు పెట్టాలి. మీరే అడగండి. ముందురోజు షాంపూతో తలస్నానం చేయించండి, నూనె పెట్టొద్దు. పస్తు తీసుకుపోవద్దు, షుగర్ పడిపోయినా తరంగాలు మందగిస్తాయి. నిద్రమాత్ర వేసుకుని ఉంటే చెప్పండి.

అమ్మోనియా పరీక్షకు రక్తాన్ని ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి. శాంపిల్‌ను వేరే ఊరికి పంపే కలెక్షన్ సెంటర్‌లో ఇస్తే అంకె దొంగగా పెరిగి కనిపిస్తుంది.

మందుల్లో మొదటిది విరేచనం చేయించే లాక్టులోజ్ సిరప్: మామూలుగా 15-30 మి.లీ. చొప్పున రోజుకు రెండు మూడు సార్లు. లెక్క సిరప్‌ది కాదు, మోషన్లది. రోజుకు 2-3 మెత్తటి విరేచనాలు కావాలి. ఆరేడు అయితే, అందులోనూ మన రాయలసీమ ఎండల్లో, ఒంట్లో నీరు, పొటాషియం తగ్గి తికమక మళ్లీ మొదలవుతుంది. డోసు తగ్గించమని డాక్టరును అడగండి. రిఫాక్సిమిన్ అనే పేగుల యాంటీబయాటిక్ 550 మి.గ్రా. రెండు పూటలా అవసరాన్ని బట్టి ఆయనే చేరుస్తారు.

పప్పు, పెరుగు మాన్పించొద్దు. కిలో బరువుకు రోజుకు 1.2-1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. పడుకునే ముందు కొంచెం సంగటో, పాలో ఇవ్వండి. కామెర్ల పసరు మందు మాత్రం వద్దు.

ఇంట్లో రోజూ ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెబుతాడో లెక్కపెట్టండి, సంతకం పెట్టించండి. పేర్లు 10 దాటకపోయినా, సంతకం చెదిరినా చూపించాలి. బండి తాళాలు ఇవ్వొద్దు. నల్ల విరేచనం, జ్వరం, కడుపునొప్పి, పిలిస్తే పలకకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఈఈజీ కోసం ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోండి.