టెక్ సందేహాలు: ఛాసిస్ నంబరును డీకోడర్ కాదంటే?

ప్రశ్న: హనుమకొండలో ఒక సెకండ్ హ్యాండ్ కారు చూశాను. 2021 మోడల్ అని చెబుతున్నారు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును ఒక విదేశీ డీకోడర్ సైట్‌లో ఇస్తే చెల్లదని వచ్చింది. ఇది మోసమా? బండిపై ఆ నంబరు ఎక్కడ ఉంటుంది?

జవాబు: ఆ సైట్ మాట నమ్మి బేరం వదులుకోకండి. అమెరికాలో 1981 మోడళ్ల నుంచి 17 అక్షరాల ఛాసిస్ నంబరును ఖాయం చేసినప్పుడు, తొమ్మిదో స్థానంలో లెక్కకట్టి వేసే తనిఖీ అంకెను తప్పనిసరి చేశారు. మన దేశంలో ఆ నిర్బంధం లేదు కాబట్టి, అక్కడి సూత్రంతో సరిచూసే సైట్‌కు నిఖార్సయిన మన కారు నంబరు కూడా తప్పుగా కనిపించవచ్చు.

మొదటి మూడు అక్షరాలు తయారీదారును తెలుపుతాయి: ఎంఏ3 అంటే మారుతీ సుజుకీ, ఎంఏఎల్ అంటే హ్యుందాయ్, ఎంఏటీ అంటే టాటా మోటార్స్. అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అసలు వాడరు కనుక, ఎవరైనా రాసిచ్చిన నంబరులో 'ఓ' కనిపిస్తే దాన్ని సున్నాగానే చదువుకోవాలి. చాలా కంపెనీలు పదో స్థానంలో సంవత్సరాన్ని సూచిస్తాయి. 2020కి ఎల్, 2021కి ఎం, 2022కి ఎన్, ఆపై 'ఓ'ను దాటేసి 2023కి పీ. అన్ని కంపెనీలదీ ఇదే పద్ధతి కాదు కాబట్టి, ఆర్‌సీలో ఉండే తయారీ నెల, సంవత్సరాలతో పోల్చుకోండి. డిసెంబరులో తయారై జనవరిలో రిజిస్టరైన బండిని కొత్త ఏడాది మోడల్‌గా చెప్పి అమ్మడం ఈ బజారుకు కొత్తేమీ కాదు.

ఇక అసలు చూడవలసింది లోహంపై పంచ్ చేసిన నంబరు. చాలా కార్లలో అది ముందు సీటు దగ్గర కార్పెట్ కింద గానీ, ఇంజన్ గదికీ కేబిన్‌కూ మధ్య రేకుపై గానీ ఉంటుంది. మీ మోడల్‌లో ఎక్కడో ఓనర్స్ మాన్యువల్ చెబుతుంది. తలుపు పక్క పిల్లర్ మీది స్టిక్కర్‌ను మార్చడం సులువు గనుక దానితో తృప్తిపడకండి. పంచ్ చేసిన చోట అరగదీసిన గీతలు, వెల్డింగ్ మచ్చలు, కొత్త రంగు, ఎగుడుదిగుడు అంకెలు ఉంటే అడ్వాన్స్ ఇవ్వకండి.

బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్ ఇతరుల బండి ఛాసిస్ నంబరులో కొన్ని అక్షరాలను మరుగుపరుస్తుంది కాబట్టి, పూర్తి పోలికకు అసలు ఆర్‌సీనే అడగాలి. బండి రాష్ట్రం దాటేటప్పుడు ఎన్‌వోసీకి (నిరభ్యంతర పత్రానికి) వాడే ఫారం 28పై పెన్సిల్ ప్రింట్ అంటిస్తారు కదా, ఆ పని ముందే చేయండి: నంబరుపై పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చూడండి.