డాక్టర్ సలహా: ఎంత గట్టిగా కొట్టినా స్మాష్‌లో పవర్ లేదు, భుజం మాత్రం నొప్పి పెడుతోంది

ప్రశ్న: నా వయసు 36. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. రెండేళ్లుగా వారానికి నాలుగు రోజులు సాయంత్రం బ్యాడ్మింటన్ ఆడుతున్నాను, ఎక్కువగా డబుల్స్. నెట్ దగ్గర ఆట, డ్రాప్‌లు (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే షాట్లు) బాగానే వచ్చాయి కానీ స్మాష్‌లో (తల మీది నుంచి షటిల్‌ని గట్టిగా కిందికి కొట్టే షాట్) పవర్ లేదు, అవతలివాళ్లు తేలిగ్గా లేపేస్తున్నారు. ఒకరు డంబెల్స్ ఎత్తమంటారు, ఒకరు రాకెట్ మార్చమంటారు. భుజం ఫ్లెక్సిబుల్‌గా ఉండాలని వీడియోల్లో చూసి, చెయ్యిని వెనక్కి బాగా లాగే స్ట్రెచింగ్ మూడు నెలల నుంచి చేస్తున్నాను. ఇప్పుడు స్మాష్ కొడితే కుడి భుజం ముందు వైపు నొప్పి. పైఅరలో ఉన్న వస్తువు అందుకోవాలన్నా కలుక్కుమంటోంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఆ స్ట్రెచింగ్ ఆపేయండి, ఈ రోజు నుంచే. ఫ్లెక్సిబిలిటీ అవసరమే, అందులో అనుమానం లేదు, కానీ మీరు సాగదీస్తున్న చోటు వేరు, నిజంగా బిగుసుకుపోయిన చోటు వేరు అని మీ ఉత్తరం చదివితే నాకు అనిపిస్తోంది.

చెయ్యి తల మీదికి ఎత్తి కొట్టే, విసిరే ఆటలు ఆడేవాళ్లకి ఆడే చేతి భుజంలో మెల్లగా ఒక మార్పు వస్తుంది. రాకెట్‌ని వెనక్కి లాగినప్పుడు చెయ్యి బయటి వైపుకి తిరుగుతుంది కదా, ఆ తిరగడం పెరుగుతూ పోతుంది, లోపలికి తిరగడం తగ్గుతూ పోతుంది. అంటే కీలు ముందు భాగం వదులవుతుంది, వెనక భాగం బిగుస్తుంది. ఇప్పటికే వదులయ్యే వైపునే మీరు రోజూ ఇంకా లాగుతున్నారు. బంతిలా గుండ్రంగా ఉండే భుజం ఎముక తల తన గుంటలో నిలకడగా ఉండాలంటే దాని చుట్టూ ఉన్న రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు దాన్ని పట్టి ఉంచాలి. కీలు వదులైన కొద్దీ వాటి మీద పని పెరుగుతుంది, అలిసిపోతాయి, వాటిని ఎముకకు కలిపే పట్టీలు (డాక్టర్లు టెండన్లు అంటారు) ఎముకల మధ్య నలుగుతాయి. భుజం ముందు నొప్పి, చెయ్యి పైకెత్తితే కలుక్కుమనడం ఈ కథలో మామూలుగా కనిపించేవే. చేత్తో పరీక్షించి చూడకుండా ఇదే జబ్బు అని పేరు పెట్టడం సరికాదు గానీ, లక్షణాలు అటువైపే చూపిస్తున్నాయి.

రెండు మూడు వారాలు స్మాష్ మానేయండి. ఆట పూర్తిగా మానక్కర్లేదు, నెట్ ఆట, డ్రైవ్‌లు (నెట్ మీదుగా బల్లపరుపుగా కొట్టే షాట్లు), భుజం కంటే కింద నుంచి ఆడే షాట్లు నొప్పి లేకపోతే ఆడుకోవచ్చు. ఆడిన మర్నాడు నొప్పి ముందు రోజు కంటే పెరిగిందంటే ఆడింది ఎక్కువైందని లెక్క. పెయిన్ కిల్లర్ వేసుకుని ఆడటం మాత్రం వద్దు, ఎంత ఆడితే ఎక్కువో చెప్పే గుర్తు ఆ నొప్పే. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నా, చెయ్యి తనంతట తాను పైకి లేవకపోయినా, వేళ్లలోకి తిమ్మిరి పాకుతున్నా, ఏదో షాట్‌లో ‘టక్’ మని శబ్దం వచ్చి అప్పటి నుంచి బలం తగ్గినా రెండు వారాలు ఆగొద్దు, వెంటనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. ఇవేమీ లేకపోతే స్కానింగ్ కోసం పరుగెత్తాల్సిన పని లేదు, మంచి ఫిజియోథెరపిస్ట్ ఒకసారి చూస్తే చాలు.

ఇప్పుడు పవర్ సంగతి. షటిల్ బరువు ఐదు గ్రాములు అటూ ఇటూ. అంత తేలికైన దాన్ని కొట్టడానికి కండబలం పెద్దగా అక్కర్లేదు, రాకెట్ తల ఎంత వేగంగా తిరుగుతోందన్నదే లెక్క. 2023లో మన డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. అది షటిల్ రాకెట్ నుంచి బయటపడిన క్షణంలో కొలిచిన వేగం, ఆ తర్వాత ఈకలకు గాలి అడ్డుపడి షటిల్ చాలా త్వరగా నెమ్మదిస్తుంది. అందుకే మనలాంటివాళ్ల ఆటలో వేగంతో పాటు కోణం కూడా అంతే ముఖ్యం, వేగం కాస్త తక్కువైనా నిటారుగా కిందికి దిగే స్మాష్‌ని లేపడం కష్టం. మీ స్మాష్‌ని అవతలివాళ్లు తేలిగ్గా తీస్తున్నారంటే అది బల్లపరుపుగా వెళ్తోందేమో ఒకసారి గమనించండి.

రాకెట్ తలకి ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుందంటే, మొదలు పాదం. వెనక కాలు నేలను తోస్తుంది, తుంటి తిరుగుతుంది, దాని వెంట నడుము పైభాగం, ఆ తర్వాత భుజం, చివర్లో ముంజేయి. ఒక్కొక్కటీ తన ముందుదాని వేగానికి కొంత కలిపి తర్వాతిదానికి అందిస్తుంది. ఇందులో ఆఖరి రెండూ, అంటే భుజం లోపలికి గిర్రున తిరగడం, ముంజేయి తిరగడం, రాకెట్ వేగానికి పెద్ద వాటా ఇస్తాయి. స్మాష్ అంటే మణికట్టు విదిలించడమే అని చాలామంది నేర్పుతుంటారు, మణికట్టు వాటా వాళ్లు చెప్పేంత కాదు. బైసెప్స్ సంగతి సరేసరి, అద్దంలో బాగుంటాయి.

భుజం ముందుకు వేగంగా తిరగాలంటే అంతకుముందు అది వెనక్కి వెళ్లి ఉండాలి. ఇక్కడే అసలు విషయం ఉంది. బయటి నుంచి చూస్తే ఆ వెనక్కి వెళ్లడమంతా భుజంలోనే జరుగుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అందులో పెద్ద భాగం వీపు పైభాగానిది, అంటే రెండు రెక్క ఎముకల మధ్య ఉండే వెన్నుది. అది వెనక్కి వంగాలి, పక్కకు తిరగాలి. రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు ముందుకు ఒంగి కూర్చునేవాళ్లలో అది బిగుసుకుపోతుంది, ఛాతీ కండరాలు కురచబడతాయి, రెక్క ఎముకలు ముందుకు వాలిపోతాయి. సాయంత్రం కోర్ట్‌లోకి దిగి స్మాష్‌కి చెయ్యెత్తగానే వీపు ఇవ్వాల్సిన వంపు ఇవ్వదు, ఆ లోటు భుజమో నడుమో భర్తీ చేయాలి. మీ విషయంలో భుజం చేస్తున్నట్టుంది. పవర్ తగ్గడానికీ నొప్పి రావడానికీ కారణం ఒక్కటే కావచ్చు అనేది అందుకే.

మీకు మీరే చూసుకోండి. గోడకు వీపు ఆనించి, గోడ నుంచి ఒక అడుగు దూరంలో పాదాలు పెట్టి, నడుము గోడకు నొక్కి ఉంచి రెండు చేతులూ నిటారుగా పైకెత్తండి. నొప్పి వస్తే అక్కడే ఆపండి. నడుము గోడ నుంచి లేవకుండా బొటనవేళ్లు గోడను తాకకపోతే వీపు పైభాగం గానీ ఛాతీ పక్క కండరాలు గానీ బిగుసుకున్నాయని అర్థం. తర్వాత కుర్చీలో కూర్చుని, మోకాళ్లు కదలకుండా, చేతులు గుండెల మీద కట్టుకుని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరగండి. రెండు వైపులా దాదాపు 45 డిగ్రీలు రావాలి, ఒక వైపు బాగా తక్కువ వస్తే అది మీ స్మాష్‌లో కనిపిస్తుంది. మూడోది, వెల్లకిలా పడుకుని చెయ్యిని భుజానికి సమంగా పక్కకు చాపి, మోచేయి మడిచి వేళ్లు ఇంటి కప్పు వైపు పెట్టండి. భుజం నేల మీద నుంచి లేవకుండా అరచేతిని పాదాల వైపు కిందికి దించండి. కుడి చెయ్యి ఎడమ దానికంటే 20 డిగ్రీలో అంతకంటే ఎక్కువో తక్కువగా దిగుతుంటే కీలు వెనక భాగం బిగుసుకుందని అనుమానించాలి.

బిగుసుకున్నవి సాగదీయడం పెద్ద తతంగమేమీ కాదు. మందపాటి తువ్వాలు గట్టిగా చుట్టి, రెక్క ఎముకల కింద అడ్డంగా పెట్టుకుని వెల్లకిలా పడుకోండి, తలకి చేతులు ఆసరాగా పెట్టి నెమ్మదిగా వెనక్కి వాలండి, వంపు వీపు పైభాగంలో రావాలి, నడుములో కాదు. అదే తువ్వాలుని వెన్ను పొడవునా నిలువుగా పెట్టుకుని చేతులు పక్కలకు వదిలేస్తే ఛాతీ కండరాలు వాటంతట అవే తెరుచుకుంటాయి, లాగాల్సిన పని లేదు. తర్వాత పక్కకు పడుకుని మోకాళ్లు మడిచి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు అవతలి వైపుకి తీసుకెళ్లండి, కళ్లు చేతి వెంటే వెళ్లాలి. కీలు వెనక భాగం కోసం కుడి చేతిని ఎడమ భుజం వైపుకి గుండెల మీదుగా తెచ్చి ఎడమ చేత్తో మోచేతి దగ్గర మెల్లగా లాగండి, గోడకు కుడి రెక్క ఎముకను ఆనించి చేస్తే ఇంకా బాగా పడుతుంది. నొప్పి ముందు వైపు వస్తే చెయ్యి కొంచెం దించి చేయండి. తుంటి ముందు భాగాన్ని కూడా మర్చిపోవద్దు, కూర్చునే ఉద్యోగం మొదట పట్టేది దాన్నే. ఒక మోకాలు నేల మీద ఆనించి రెండో కాలు ముందు పెట్టి, పిరుదు బిగించి కాస్త ముందుకు జరిగితే చాలు. ఒక్కొక్కటి 30 సెకన్ల చొప్పున రెండు మూడు సార్లు, వారంలో ఎక్కువ రోజులు.

వీటిని ఆటకు ముందు చేయకండి. ఒకే కండరాన్ని నిమిషం, అంతకు పైగా సాగదీసి పట్టుకుంటే కాసేపు అది పూర్తి బలం ఇవ్వదు, మీరు కోరుకుంటున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. ఆటకు ముందు కావలసింది ఒళ్లు వేడెక్కడం: ఐదారు నిమిషాలు మెల్లగా జాగింగ్, చేతులు గుండ్రంగా తిప్పడం, నడుము పైభాగం అటూ ఇటూ తిప్పడం, నాలుగు లంజ్‌లు (ఒక కాలు ముందుకు వేసి మోకాలు మడిచి దిగడం), ఆ తర్వాత సగం బలంతో క్లియర్లు (ఎత్తుగా అవతలి వెనక గీత దాకా కొట్టే షాట్లు). నేరుగా కోర్ట్‌లోకి వచ్చి మొదటి షాటే స్మాష్ కొట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్, వాళ్లు తర్వాత నా దగ్గరికే వస్తారు.

నొప్పి తగ్గాక టెక్నిక్. నిజం చెప్పాలంటే ఫ్లెక్సిబిలిటీ కంటే ముందు ఫలితం చూపించేది ఇదే. మొదట గ్రిప్. రాకెట్ ముఖం నేరుగా నెట్ వైపు ఉండేలా, అరచెయ్యి హ్యాండిల్ వెనక పెట్టి పట్టుకునే అలవాటు ఉంటే ముంజేయి తిరగడానికి చోటే ఉండదు, ఎంత సాగదీసినా ఎంత బరువులెత్తినా ప్రయోజనం ఉండదు. ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకోండి, అప్పుడు రాకెట్ అంచు షటిల్ వైపు ఉన్నట్టు, తప్పు అన్నట్టు అనిపిస్తుంది. అదే సరైనది. ఆ అంచు ముందుగా షటిల్ వైపు వెళ్లి, ఆఖరి క్షణంలో ముంజేయి తిరిగి ముఖం ఎదురు తగలాలి. కుడిచేతివాళ్లు స్క్రూ విప్పేటప్పుడు చెయ్యి ఎటు తిరుగుతుందో అటే. వేళ్లు అంతవరకు వదులుగా ఉండి తగిలే క్షణంలోనే బిగుసుకోవాలి. మొదటి నుంచీ గట్టిగా పట్టుకుంటే ముంజేయి కండరాలు కొయ్యబారిపోతాయి, దెబ్బ వేగం అక్కడే చస్తుంది, పైగా మోచేతి నొప్పి బోనస్.

రెండోది షటిల్ ఎక్కడ తగులుతోంది అన్నది. తల వెనకో, సరిగ్గా తల మీదో తగిలితే ఏ భుజమైనా మూలుగుతుంది. కుడి భుజానికి కొంచెం ముందు, చెయ్యి అందినంత ఎత్తులో తగలాలి. దీనికి భుజం చేయగలిగింది ఏమీ లేదు, కాళ్లు ముందుగా షటిల్ వెనక్కి చేరుకోవాలి. ఒళ్లు పక్కకు తిప్పి నిలబడి, ఎడమ చెయ్యి పైకెత్తి షటిల్ వైపు చూపించి, కొట్టేటప్పుడు ఆ చేతిని పొట్ట వైపుకి లాక్కోండి, మొండెం దానంతట అదే తిరుగుతుంది. ఫోన్‌లో పక్క నుంచి స్లో మోషన్ వీడియో తీయించుకుంటే పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది. సాధనకి రాకెట్ కూడా అక్కర్లేదు, పాత షటిల్ చేత్తో పట్టుకుని వెనక గీత నుంచి నెట్ అవతలికి విసరండి, మోచేయి ముందు, చెయ్యి తర్వాత రావాలి. స్మాష్‌లు మళ్లీ మొదలుపెట్టినప్పుడు సగం బలంతో, కోణం మీదే దృష్టి పెట్టి కొట్టండి.

డంబెల్స్ తప్పు కాదు, కానీ వరుస మార్చండి. మోచేయి ఒంటికి ఆనించి రబ్బరు బ్యాండ్‌ని బయటికి లాగడం, బ్యాండ్‌తో రోయింగ్ (తెడ్డు వేసినట్టు ఒంటి వైపుకి లాగడం), పుషప్ చేసి చివర్లో రెక్క ఎముకలను ఇంకొంచెం ముందుకు తోయడం, ఇవి ముందు. కొట్టాక చెయ్యికి బ్రేక్ వేసేవి వెనక కండరాలే, అవి బలంగా లేకపోతే భుజం వేగం పెంచడం ప్రమాదం. కాళ్లకి స్క్వాట్లు, లంజ్‌లు. వారానికి రెండుసార్లు చాలు.

జంప్ స్మాష్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బ్యాడ్మింటన్‌లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగే సందర్భాల్లో, బ్యాక్‌హ్యాండ్ మూలలో (రాకెట్ పట్టని చేతి వైపు వెనక మూల) తల మీది షాట్ కొట్టి ఒంటికాలి మీద దిగడం బాగా తెలిసినది, కుడిచేతివాళ్లకి ఎడమ మోకాలు. ఒంటికాలి మీద స్క్వాట్ చేస్తే మోకాలు లోపలికి వాలిపోకుండా ఉంటుందా లేదా చూసుకున్నాకే ఎగరండి.

ఇక రాకెట్. తల బరువైన రాకెట్ షటిల్‌కి ఎక్కువ ఊపు ఇస్తుంది, నిజమే, దాన్ని వేగంగా తిప్పగలిగితేనే. నొప్పి ఉన్న భుజానికి మరో భారం తగిలించడం దండగ. స్ట్రింగ్ టెన్షన్ (రాకెట్ తీగల బిగింపు) ఎంతో ఒకసారి అడిగి తెలుసుకోండి, పెద్ద ఆటగాళ్లని చూసి 28 పౌండ్లు వేయించుకుని ఉంటే అది మీకు ఎక్కువ. బిగుతైన తీగలకు షటిల్ బాగా పలికే చోటు చిన్నది, మధ్యలో తగలకపోతే దెబ్బంతా చేతికే వస్తుంది. 23, 24 పౌండ్ల దగ్గర వేయించి ఆడి చూడండి, కొత్త రాకెట్ ఆలోచన భుజం నొప్పి పూర్తిగా పోయాక చేయొచ్చు.