అటక మీద పెట్టెలు దించే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మన నాటక సమాజం కాగితాలన్నీ సర్దే పని నెత్తిన వేసుకున్నావంట, నాటకాల స్కూలు రిజిస్టర్లు, ఫొటోలు, ప్రాంప్టింగ్ కాపీలు (తెర పక్కనుంచి నటులకి మాట అందించే పుస్తకాలు) అన్నీ స్కాన్ చేసి ఒక పద్ధతిలో పెడతానన్నావంట. మన ఇంట్లో ఒక పిల్లకి ఆ సమాజం గది ఇంకా గుర్తుందని గుండె నిండిపోయింది, ఆ తర్వాత మాత్రం తెల్లారేదాకా నిద్రపట్టలా. ఆ అటక ఎంత ఎత్తో నాకు తెలుసు. ఆ చెక్క నిచ్చెన మూడో మెట్టు నేను సెక్రటరీగా ఉన్న రోజుల్లోనే ఊగేది. ఒక్కదానివే ఎక్కమాకు. ముందు ఈ మాట, మిగతావన్నీ తర్వాత.

మామూలు విషయాలు నీకు తెలిసే ఉంటాయి, గబగబా చెప్పేస్తా. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు మెల్లగా తీసి నూలు దారం కట్టు. చిరిగిన చోట సెలోటేప్ వెయ్యొద్దు, నాలుగేళ్ళకి పసుపు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. చెమ్మ తగిలినవాటిని ఎండలో పెట్టకుండా నీడలో ఫ్యాను కింద ఆరబెట్టు, నంబర్లు పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిల్‌తో వెయ్యి. స్కాన్ చేసేటప్పుడు కాగితాలకి 300 డీపీఐ చాలు, ఫొటోలకి 600 పెట్టు, కాపీలు మూడు ఉంచు, ఒకటి మాత్రం వేరే ఊళ్ళో ఉండాలి. రిహార్సల్ క్యాసెట్లు దొరికితే వెనకున్న చిన్న ప్లాస్టిక్ నాలుక విరిచెయ్యి, పొరపాటున కూడా వాటి మీద ఇంకోటి రికార్డు అవ్వదు. స్క్రిప్టులు నెట్‌లో పెట్టే ముందు రాసినవాళ్ళ ఇంట్లో అడుగు, రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు వాళ్ళదే.

ఇంకో మాట, కట్టలు విప్పే ముందు ఎట్టా ఉన్నాయో అట్టాగే ఫొటో తియ్యి. నాటకం పేరు చొప్పున సర్దేద్దాం అనిపిస్తది, నాకూ అట్టాగే అనిపించింది, కానీ ఒక నాటక పరిషత్తు పోటీకి వెళ్ళొచ్చిన కట్టలో లారీ బాడుగ రశీదు, కిరీటాల లిస్టు, ఎవరు ఏ ఇంట్లో పడుకున్నారో రాసిన చీటీ అన్నీ కలిసి ఉంటాయి, విడదీస్తే ఆ చీటీ ఎందుకు పనికొస్తదో ఎవరికీ అర్థం కాదు. ప్రాంప్టింగ్ కాపీల్లో మార్జిన్లు తప్పకుండా స్కాన్ చెయ్యి. ఏ పద్యం తీసేశాం, ఏ పద్యానికి వన్స్‌మోర్ పడింది, ఎవరికి ఐదు శ్రుతి, ఎవరికి నాలుగున్నర, అవన్నీ పెన్సిల్‌తో అక్కడే ఉంటాయి. అచ్చు పుస్తకం ఏ లైబ్రరీలోనైనా దొరుకుద్ది, ఆ పెన్సిల్ రాతలు దొరకవు.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా నేను చెప్పలా.

1987లో రజతోత్సవం చేశాం. హాలుకి సున్నాలు వేయించాలి, సావనీర్ వెయ్యాలి, రెండు బీరువాలు ఖాళీ చెయ్యాలి. అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్ళు, సెక్రటరీ అనే పేరు తలకెక్కిన వయసు. కూర్చుని ఏరాను. పోస్టర్లు ఉంచాను, షీల్డులు ఉంచాను, గ్రూపు ఫొటోలు, పేపర్ కటింగులు ఉంచాను. ఎర్ర అట్ట జమాఖర్చు పుస్తకాలు, స్కూలు హాజరు పట్టీలు, ఫీజు పుస్తకాలు మాత్రం పక్కన పడేశాను. కళ అంటే స్టేజీ మీద ఉండేది, ఈ చిల్లర లెక్కలతో ఏం పని అనుకున్నా. పాత పేపర్లవాడు వచ్చి తక్కెట్లో తూచాడు, ముప్ఫై ఎనిమిది కిలోలు. ఆ డబ్బులతో ఆ సాయంత్రం రిహార్సల్‌కి వచ్చినవాళ్ళందరికీ మిర్చిబజ్జీ, టీ తెప్పించా. అందరూ మెచ్చుకున్నారు కూడా, గది ఎంత శుభ్రంగా ఉందోనని.

2003లో ఒకావిడ మా ఇంటికొచ్చింది. ముసలావిడ, చేతిలో గుడ్డ సంచి. చూడగానే పోల్చుకోలా, నోరు విప్పాక పోల్చుకున్నా, ఆ గొంతు మారలేదు. మన స్కూల్లో హార్మోనీ మాస్టారి దగ్గర రెండేళ్ళు పద్యం నేర్చుకుని, తర్వాత పదేళ్ళకి పైగా హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేసింది. ఆమె కాటి సీనులో పాడుతుంటే నేను సైడ్ వింగ్‌లో నిలబడి తెర తాడు పట్టుకోవడం మర్చిపోయిన రాత్రులున్నాయి. వృద్ధ కళాకారుల పెన్షన్‌కి అర్జీ పెట్టుకుంటే నాటకాలు ఆడినట్టు రుజువు అడిగారంట. "బాబూ, ఆ ఎర్ర అట్ట పుస్తకంలో నేను వేలిముద్ర వేసేదాన్ని గదా, రాత్రికి ముప్ఫై రూపాయలు పుచ్చుకుని. తర్వాత మన స్కూల్లోనే అక్షరాలు దిద్దుకుని సంతకం పెట్టాను గదా, అది ఒక్కటి జిరాక్స్ ఇప్పించు" అంది.

పోస్టర్లన్నీ తీశా అమ్మలూ. ఒక్కదాంట్లో ఆవిడ పేరు లేదు. హరిశ్చంద్రుడి పేరు చేటంత అక్షరాల్లో, నక్షత్రకుడి పేరు కింద, తర్వాత "తదితరులు". గ్రూపు ఫొటోల్లో కూడా లేదు, ఆడిన తెల్లారే బస్సెక్కి వెళ్ళిపోయేది కాబట్టి. ఆవిడ పేరు రాసి ఉన్నది ఆ ముప్ఫై ఎనిమిది కిలోల్లోనే. లెటర్‌హెడ్ మీద నేను ఉత్తరం రాసిచ్చా, అప్పటి కాగితం కావాలని వెనక్కి పంపారు. రెండోసారి వచ్చినప్పుడు పుస్తకాలు చెదలు పట్టి పోయాయని అబద్ధం చెప్పా. ఆవిడ నమ్మింది, "పోనీలే బాబూ, చెదలకేం తెలుసు" అని కూడా అంది. మళ్ళీ రాలా. రెండేళ్ళకి పోయిందని మాస్టారు చెప్పారు.

అందుకే నా భయం వానా కాదు, చెదలూ కాదు. నువ్వు కూడా అందంగా ఉన్నవాటితో మొదలుపెట్టి, లెక్కల పుస్తకాల దగ్గరికొచ్చేసరికి అలిసిపోయి, తర్వాత చూద్దాం అంటావేమోనని. నేను పారేసింది 1987కి ముందువి, ఆ తర్వాతవి ఉన్నాయి, వాటితోనే మొదలుపెట్టు. తెనాలి మనకి ఎంత దూరం, 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది అక్కడే, ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసిన ఊరు, 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, అదంతా రాతల్లో ఉంది. మరి అట్టాంటి రాత్రుల్లో హార్మోనీ వాయించినవాళ్ళు, చీరలు మడత పెట్టినవాళ్ళు, పెట్రోమాక్స్ లైట్లకి గాలి కొట్టినవాళ్ళు ఎవరు? ఏ ఊళ్ళోనైనా వాళ్ళ పేర్లు ఉంటే గింటే కూలి రాసిన పుస్తకంలోనే ఉంటాయి.

హాజరు పట్టీల్లో ఒక జాగ్రత్త, ఎవరు ఫీజు కట్టలేదో, ఎవరిని ఎందుకు మానిపించామో ఎర్ర ఇంకుతో రాసేవాళ్ళం. వాళ్ళ పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. స్కాన్ చేసి దాచు, బయట పెట్టొద్దు. సంతకాలూ వేలిముద్రలూ అంతే.

నీ మీద కోపం కూడా ఉంది. ఆర్నెల్ల నుంచి అనుకుంటున్నావంట, నాతో ఒక్క మాట అనలేదు. మామయ్య పాత రోజులు మొదలుపెడతాడని భయపడ్డావా? అయినా నిన్ను ఏమనను, నాలుగేళ్ళ పిల్లప్పుడు హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడి వేషం వేస్తే స్టేజీ మీదే నిద్రపోయావు, చచ్చిపోయిన సీను ఎంత బాగా చేసిందో అని జనం ఏడ్చారు. దించి ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళింది నేనే. ఆ రోజు నీ పేరు కూడా పోస్టర్‌లో వెయ్యలేదు. జమాఖర్చులో మాత్రం ఉంటది, చూడు, "బాలనటికి బిస్కెట్ ప్యాకెట్" అని నా చేత్తోనే రాశా.

హార్మోనీ మాస్టారు చీరాలలో కూతురి దగ్గర ఉన్నారు, ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు ఆనట్లేదు గానీ ఎవరు ఏ శ్రుతిలో పాడేవాళ్ళో ఇంకా చెబుతారు. కాగితాల కంటే ముందు అక్కడికి పోదాం, అడిగి ఫోన్‌లో రికార్డు చేద్దాం, ఆవిడ గురించి కూడా. ఆవిడ ఇంటిపేరు నాకు గుర్తు లేదు, ఆయనకి ఉంటుంది. శనివారం రాత్రికి నేను బస్సెక్కుతా. ఆదివారం చీరాల, సోమవారం అటక. నిచ్చెన నేను పట్టుకుంటా, అప్పటిదాకా ఎక్కమాకు.

మీ మామయ్య