ఏఐతో వెబ్ సిరీస్ ఖర్చు సగానికి తగ్గుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చిన్న బడ్జెట్‌లో తెలుగు వెబ్ సిరీస్ తీస్తున్నారు, సగం పని ఏఐతో కానిచ్చేద్దామని నిర్మాత పట్టుబడుతున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తోచడం లేదు. నేను హైదరాబాద్‌లో సీరియళ్లకు, ఈ మధ్య వెబ్ సిరీస్‌లకు పోస్ట్ ప్రొడక్షన్ చూసుకుంటాను. ముందుగా ఆ ‘సగం’ అనే లెక్కను పక్కన పెట్టించండి. తెర మీదికి రాని పనులకు ఏఐని ధైర్యంగా వాడుకోండి. తెర మీద కనిపించేదానికి, వినిపించేదానికి వాడాలంటే మాత్రం కొత్త ఆర్టిస్టును పెట్టుకున్నప్పుడు ఎన్ని కాగితాలు రాసుకుంటారో అన్నీ రాసుకున్నాకే వాడండి.

తెర మీదికి రాని పనులంటే స్టోరీబోర్డు (షాట్లను ముందే బొమ్మలుగా గీసుకోవడం), లొకేషన్ నమూనాలు, కాస్ట్యూమ్ ఆలోచనలు, ఓటీటీ వాళ్లకు చూపించే ప్రెజెంటేషన్, ఎడిటింగ్ కోసం వేసుకునే తాత్కాలిక గొంతు. ఇదివరకు స్టోరీబోర్డు ఆర్టిస్టును పెట్టుకునే స్తోమత పెద్ద సినిమాలకే ఉండేది. మా సీరియళ్లలో దర్శకుడు గాల్లో చేతులు తిప్పి చూపిస్తే, కెమెరామన్ తనకు అర్థమైనట్టు తీసేవాడు. ఇప్పుడు సెట్లో క్రేన్ దిగాక జరగాల్సిన వాదన ముందురోజే ఆఫీసులో, టీ ఖర్చుతో తేలిపోతోంది. నిర్మాతకు నిజంగా మిగిలే డబ్బు ఇదే. బిల్లుల్లో కనబడదు కాబట్టి ఆయనకు నమ్మకం కుదరదు, అది వేరే సంగతి.

అక్కడ కూడా వచ్చిన బొమ్మను వచ్చినట్టు నమ్మకండి. ఒక సిరీస్ కోసం కోనసీమ మండువా లోగిలి కావాలని అడిగితే, రాజస్థాన్ హవేలీలో ఉండే వంపు తోరణాలు, పాలరాతి నేల వచ్చాయి. ఇల్లాలి పైట ఉత్తరాది పద్ధతిలో కుడి భుజం మీదుగా ముందుకు వేసి ఉంది. గుమ్మం పక్కన పేరు పలక మీద తెలుగులా కనిపించే గీతలు తప్ప ఒక్క అక్షరం లేదు. మా ఆర్ట్ డైరెక్టర్ కాసేపు నవ్వుకుని, ఆ బొమ్మలోంచి ఒక్కటే తీసుకున్నారు: మండువాలోంచి స్తంభాల మీద ఏటవాలుగా పడే వెలుతురు. మిగతాదంతా ఊళ్లలో తిరిగి తీసుకున్న తన ఫొటోల్లోంచే కట్టారు. ఏఐని ఆ మేరకే వాడుకోవాలి.

ఇక తెర మీద. మొదటి చిక్కు కంటిన్యుటీ, అంటే ఒక షాట్లో ఉన్నది తర్వాతి షాట్లోనూ అలాగే ఉండటం. కిటికీ దగ్గర నిలబడ్డ కథానాయికతో చిన్న చిన్న షాట్లు ఏఐతో చేయిస్తే, మొదటి దాంట్లో మెడలో నల్లపూసలు రెండు వరసలు, రెండో దాంట్లో ఒకటే వరస, మూడో దాంట్లో నల్లపూసలే లేవు, ఉత్త గొలుసు. కిటికీ ఊచలు కూడా ఒకసారి ఉన్నన్ని మరోసారి లేవు. ప్రతిసారీ అది బొమ్మను మొదటినుంచి అల్లుతుంది. ముందు షాట్లో ఏముందో రాసిపెట్టుకునే అసిస్టెంట్ డైరెక్టర్ దాని లోపల లేడు. రిఫరెన్స్ ఫొటోలు ఇస్తే తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. కథానాయిక మెడలో నల్లపూసలు మాయమైతే మన ప్రేక్షకులు ఊరుకుంటారా?

రెండో చిక్కు డీఐలో, అంటే రంగులు సరిదిద్దే దశలో బయటపడుతుంది. కెమెరా ఫుటేజీ సాధారణంగా పది బిట్‌లు లేదా అంతకంటే ఎక్కువ లోతులో ఉంటుంది; బిట్‌లు ఎక్కువైతే రంగుల ఛాయలు ఎక్కువ. ఈ ఏఐ సాధనాల్లో చాలావాటి వీడియో ఎనిమిది బిట్‌లలో, బాగా కుదించి వస్తుంది. కలరిస్టు కాస్త గట్టిగా రంగు మార్చగానే సాయంత్రపు ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. దాన్ని కప్పడానికి గ్రెయిన్ కలిపి, సైజు పెంచి, అంచులు సరిచేసేసరికి, మామూలు వీఎఫ్‌ఎక్స్ కుర్రవాడికి ఇచ్చే జీతం ఖర్చయిపోతుంది.

అలాగని కుదరదని కాదు. అర్జెంటీనా సిరీస్ ‘ఎల్ ఎటర్నౌటా’లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక భవనం కూలే దృశ్యాన్ని జెనరేటివ్ ఏఐతో చేశామని, మామూలు పద్ధతి కంటే పది రెట్లు త్వరగా పూర్తయిందని నెట్‌ఫ్లిక్స్ సహ సీఈఓ టెడ్ సరాండోస్ 2025 జులైలో చెప్పారు. మీ నిర్మాత చూపించేది బహుశా ఈ వార్తే. అక్కడ కూలింది భవనం. దానికి ముఖం లేదు, నల్లపూసలు లేవు. పైగా చేసినవాళ్లు ఎఫెక్ట్స్‌లో ఆరితేరిన బృందం. మీ కథలో వరద, దూరంగా మంటలు, పాత ఊరి విహంగ దృశ్యం లాంటివి ఉంటే అక్కడ ప్రయత్నించండి.

గొంతు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తాత్కాలిక డబ్బింగ్‌కు యంత్రం గొంతు దివ్యంగా పనికొస్తుంది. ఫైనల్‌కు తీసుకుంటే ల, ళ ఒకటైపోతాయి, అత్తగారి దెప్పిపొడుపు వార్తలు చదివినట్టు వస్తుంది, ఏడుపు మధ్యలో మాట తెగే చోటు ఎక్కడో దానికి తెలియదు. ఇక ఎవరి గొంతునైనా నకలు చేయాలంటే అనుమతి ముందు, పని తర్వాత. తమిళ సినిమా ‘లాల్ సలామ్’ పాటలో మరణించిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం చెల్లించామని ఏఆర్ రెహమాన్ 2024లో ప్రకటించారు. అదే ఏడాది, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును తమకు చెప్పకుండా వాడారంటూ ఆయన కుమారుడు చరణ్ ఒక తెలుగు చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. హాలీవుడ్ నటుల సంఘం 2023లో 118 రోజులు సమ్మె చేసి సాధించుకున్న వాటిలో డిజిటల్ నకలుకు అనుమతి, పారితోషికం కూడా ఉన్నాయి. మీ ఒప్పందంలో ఈ సిరీస్‌కు మాత్రమే, ఇంతకాలం మాత్రమే, ఇంత మొత్తానికి అని తెలుగులోనే రాయండి. డబ్బింగ్ ఆర్టిస్టు చదువుకుని సంతకం పెట్టాలి.

దర్శకుడితో ఒప్పందంలో కూడా, తర్వాత ఏఐతో మార్పులు చేయాలంటే ఎవరి సమ్మతి కావాలో ఒక వాక్యం చేర్చండి. హిందీ సినిమా ‘రాంఝణా’ తమిళ రూపాన్ని 2025 ఆగస్టులో ఏఐతో ముగింపు మార్చి విడుదల చేస్తే దర్శకుడు ఆనంద్ ఎల్ రాయ్, హీరో ధనుష్ ఇద్దరూ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు.

చివరగా అమ్మకం సంగతి. మీరు ఓటీటీకి అమ్మేది హక్కులు. కేవలం ప్రాంప్టులు (ఏఐకి రాసిచ్చే ఆదేశాలు) ఇచ్చినంత మాత్రాన కర్తృత్వం, అంటే సృష్టికర్త హోదా రాదని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2025 జనవరి నివేదికలో తేల్చింది. ఫైనల్ కాపీలో ఏఐ సరుకు ఉన్నా, నటుల పోలికలు వాడినా ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలని నెట్‌ఫ్లిక్స్ 2025 ఆగస్టులో తన నిర్మాణ భాగస్వాములకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి టైటిల్ లోగో, ముఖ్య పాత్ర రూపం లాంటివి మనిషి చేతే గీయించండి. ఏఐ తగిలిన ప్రతి షాట్‌కు ఏ సాధనం, ఏ వెర్షన్, ఏ ప్రాంప్టు, ఏ రిఫరెన్స్ ఫొటో, ఎవరు చేశారు అన్నది ఒక పట్టికలో ఎక్కిస్తూ ఉండాలి. ఆ పట్టిక రాయడానికి మీ దగ్గర మనిషి లేకపోతే, ఈ సీజన్‌కు ఏఐని స్టోరీబోర్డు దగ్గరే ఆపేయండి.