పప్పు గిన్నె బరువెంత? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నాకు 42 ఏళ్లు, మాది విశాఖ సీతమ్మధార. మూడు నెలలుగా కేలరీల యాప్‌లో తిన్నదంతా రాస్తున్నాను. అన్నం ఒక కప్పు, పప్పు ఒక కప్పు, కూర ఒక కప్పు, ఇలాగే. రోజుకి 1,300 దాటడం లేదు, అయినా బరువు అరకిలో కూడా తగ్గలేదు. థైరాయిడ్ టెస్టు కూడా చేయించాను, ఏమీ లేదు. నలుగురికీ ఒకే గిన్నెలో వండుతాను కదా, అందులో నా వాటా ఎంతో యాప్‌కి ఎలా చెప్పాలి? మా ఆయన ఇదంతా దండగ అంటున్నారు.

జవాబు: దండగేమీ కాదమ్మా, మూడు నెలలు విడవకుండా రాయడం చిన్న విషయం కాదు. తేడా అంతా ఆ కప్పు దగ్గరే వస్తోంది. చాలా యాప్‌లలో కప్పు అంటే అమెరికా వాళ్ల 240 మిల్లీలీటర్ల కప్పు, రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చేది 180 మిల్లీలీటర్లది, మీ వంటింట్లో కూర వేసుకునే గిన్నె ఇంకో సైజు. పైగా మనం అన్నం ఒక్కసారి వడ్డించుకుని ఊరుకోం కదా, మొదట పప్పులోకి, తర్వాత పులుసులోకి, చివర పెరుగులోకి వేసుకుంటాం, ఆ మూడుసార్లూ కలిపితే 400 గ్రాములు అవలీలగా అవుతుంది. అంటే 520 కేలరీల దాకా, మీరు యాప్‌లో రాసే కప్పు అన్నానికి పడేదేమో 200 పైచిలుకు. ఇది మీ ఒక్కరికే జరుగుతున్నదని బాధపడకండి. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది, రోజుకు 1,200 లోపే తింటున్నా బరువు తగ్గడం లేదన్న వాళ్లను పరీక్షిస్తే వాళ్ల శరీరంలో కేలరీల ఖర్చు మామూలుగానే ఉంది, తిన్నది మాత్రం సగటున 47 శాతం తక్కువ చెప్పారని తేలింది.

కాబట్టి ముందు ఒక డిజిటల్ కాటా కొనండి, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, 5 కిలోల దాకా తూగేది, ఒక్క గ్రాము తేడా కూడా చూపించేది చాలు. కొన్నాక అరలీటరు పాల ప్యాకెట్ పెట్టి చూడండి, 515 గ్రాములకు అటూ ఇటూగా చూపిస్తే కాటా బాగున్నట్టే (పాలు నీళ్లకంటే కాస్త బరువు).

ఇక గిన్నె సంగతి. ఖాళీ గిన్నెను ఒకసారి తూచి ఆ అంకె ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి, మళ్లీ మళ్లీ తూచే పని ఉండదు. టమాటా పప్పు చేస్తున్నారనుకోండి, పచ్చి కందిపప్పు 150 గ్రాములు, దానికి 500 కేలరీలు. టమాటాలు పావుకిలో, 50. పోపుకి రెండు పెద్ద స్పూన్ల నూనె, అంటే 27 గ్రాములు, దానికి దాదాపు 245. మొత్తం 800 దగ్గరికి వస్తుంది. వండాక గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేయండి. 800 గ్రాముల పప్పు మిగిలితే గ్రాముకి ఒక కేలరీ, మీరు 180 గ్రాములు వేసుకుంటే 180. నీళ్లు ఎక్కువ పోసిన రోజు అదే పప్పు 1,000 గ్రాములు అవుతుంది, అప్పుడు గ్రాముకి 0.8 పడుతుంది. అందుకే వండిన పప్పుకి యాప్‌లో ఎవరో పెట్టిన అంకె మీ పప్పుకి సరిపోదు. యాప్‌లో రెసిపీ సేవ్ చేసేటప్పుడు సర్వింగ్స్ అడిగిన చోట నలుగురు కదా అని 4 వేయకండి, 800 అని వేయండి. అప్పుడు ఒక సర్వింగ్ అంటే ఒక గ్రాము, కంచంలో వేసుకున్న గ్రాముల్ని అలాగే కొట్టేయొచ్చు, మీ అబ్బాయి రెండోసారి వేసుకున్నా మీ లెక్క చెదరదు.

అన్నానికి ఇంకో చిక్కుంది. పచ్చి బియ్యం 100 గ్రాములకు 350 కేలరీల పైన, అదే అన్నం అయితే 100 గ్రాములకు 130. బియ్యం ఉడికాక రెండున్నర నుంచి మూడు రెట్లు బరువెక్కుతుంది, పెరిగిందంతా నీళ్లే. యాప్‌లో రెండు ఎంట్రీలూ పక్కపక్కనే కనిపిస్తాయి, బియ్యాన్ని తూచి అన్నం నొక్కితే లెక్క మూడోవంతుకు పడిపోతుంది, అన్నాన్ని తూచి బియ్యం నొక్కితే మూడింతలు లేస్తుంది. మీ కుక్కర్లో ఒకసారి 300 గ్రాముల బియ్యం వండి చూడండి, అన్నం 810 గ్రాములు వస్తే మీ ఇంటి లెక్క 2.7 రెట్లు. అదే బియ్యం, అవే నీళ్లు అయినంతకాలం ఆ అంకె మారదు. చద్దన్నం తినే అలవాటుంటే నీళ్లో మజ్జిగో పోయకముందే తూచుకోండి.

అన్నిటికంటే నూనె. గ్రాముకి 9 కేలరీలు, ఒక్క పెద్ద స్పూనుకి 120, కంటి అంచనాతో దీన్ని వదిలేస్తే మిగతావన్నీ ఎంత కొలిచినా ఫలితం ఉండదు. నూనె డబ్బాను కాటా మీద పెట్టి సున్నా నొక్కండి, డబ్బా తీసి కళాయిలో పోసుకుని మళ్లీ పెట్టండి, మైనస్‌లో ఎంత చూపిస్తే అంత నూనె వాడినట్టు. నెయ్యికీ ఇదే పద్ధతి. తోటకూర, బీరకాయ, సొరకాయల దగ్గర ఇంత పట్టింపు అక్కర్లేదు, అక్కడ యాభై గ్రాములు తప్పినా పది పదిహేను కేలరీలకు మించి తేడా రాదు.

రెండు మూడు వారాలు ఇలా రాసి చూడండి. వంటింట్లో నిలబడి రుచి చూసినవి, పిల్లలు వదిలేశారని తిన్నవి కూడా రాయాలి. అప్పటికీ లెక్క సరిగ్గా ఉండి బరువు కదలకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికి ఆ లెక్కే పట్టుకెళ్లండి, వాళ్లకీ అది పనికొస్తుంది.

ప్రశ్న: మద్దిలపాలెంలో పీజీలో ఉంటాను అక్కా. పొద్దున బండి దగ్గర ఇడ్లీ లేకపోతే పెసరట్టు, మధ్యాహ్నం మెస్, సాయంత్రం ఫ్రెండ్స్‌తో ఆర్కే బీచ్ వెళ్తే మురీ మిక్చరో బజ్జీలో. కాటా పట్టుకుని తిరగలేను కదా, నేనేం చేయాలి?

జవాబు: తిరగక్కర్లేదు తమ్ముడూ. ఒక్కసారి మాత్రం ఇడ్లీ, పెసరట్టు పార్సిల్ తెచ్చుకుని రూములో తూచు, మెస్ వాడి అన్నం గరిటెకి ఎంత పడుతుందో కూడా పార్సిల్ తెచ్చుకున్న రోజే చూసుకో. అదే బండి, అదే మెస్ కాబట్టి ఆ అంకెలు చాలాకాలం పనికొస్తాయి. ఇడ్లీ తక్కువ కేలరీలని ధైర్యంగా తింటాం, కానీ పక్కన పోసే పల్లీ చట్నీని ఎవరూ రాయరు. పల్లీలు 100 గ్రాములకు 550 దరిదాపు, రెండోసారి చట్నీ అడిగావంటే చట్నీ కేలరీలు ఇడ్లీలను దాటిపోయినా ఆశ్చర్యం లేదు. మురీ మిక్చర్‌లోనూ అంతే, మరమరాలు పొట్లం నిండా కనిపించినా బరువు కొంచెమే, పల్లీలనీ నూనెనీ చూడాలి.

యాప్‌లో కనిపించిన మొదటి ఎంట్రీ నొక్కేయకు, చాలావరకు నీలాంటి వాడుకదారులే పెట్టినవి. ఒక పెసరట్టు 60 కేలరీలు అని ఉంటే నమ్మొద్దు. అట్టుకి 40 గ్రాముల పెసలు పడితేనే 130, పైన చెంచా నూనెకి ఇంకో 40. అనుమానం వస్తే ఎంట్రీలో ఉన్న పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముల్ని నాలుగేసితో, కొవ్వుని తొమ్మిదితో హెచ్చించి కలుపు, మొత్తం దగ్గర దగ్గరగా కూడా రాకపోతే ఆ ఎంట్రీ తప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికల్లో మన పప్పులు, బియ్యం, చేపలు అన్నీ ఉన్నాయి, వాటితో సరిచూసుకోవచ్చు. కాకపోతే అందులో శక్తి కిలోజౌళ్లలో ఇచ్చారు, బియ్యానికి 1,490 చుట్టూ కనిపిస్తే కంగారుపడకు, 4.184తో భాగిస్తే కేలరీలు వస్తాయి. బజ్జీలకు మాత్రం ఇంట్లో చేసే అంచనా పనికిరాదు, బయట నూనె ఎంత పీల్చిందో మనకు తెలియదు కాబట్టి యాప్‌లో ఉన్న ఎంట్రీల్లో పెద్ద అంకెనే తీసుకో.

ప్రశ్న: కంచరపాలెం. రిటైరయ్యాను, షుగర్ ఉంది, డాక్టరుగారు తిన్నది రాయమన్నారు. ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి చేప తెస్తాను. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు రాసేటప్పుడు కొన్న బరువు వేయాలా, తిన్న బరువా?

జవాబు: కొన్న బరువు వద్దండీ, బాగు చేయించాక ఇంటికొచ్చిన పచ్చి ముక్కల బరువు వేయండి, యాప్‌లో ఎంట్రీ కూడా పచ్చిదే ఎంచుకోండి. తల, పొట్ట పోయాక చేప బాగా తగ్గుతుంది, రొయ్యలైతే తల, పొట్టు తీశాక దాదాపు సగానికి వస్తాయి. వేగాక నీరు పోయి ముక్క ఇంకా తేలికవుతుంది కాబట్టి వేపిన ముక్కను తూచి పచ్చి చేప లెక్క వేస్తే తక్కువ పడుతుంది. తినేశాక కంచంలో మిగిలిన ముల్లు తూచి తీసేస్తే ఇంకా మంచిది, వంజరానికి నడిముల్లే కనుక పెద్ద పని కాదు. వేపుడు నూనెకి, కళాయిలో పోసే ముందు ఎంత, చల్లారాక ఎంత మిగిలిందో చూడండి, మధ్యలో పోయిందంతా ముక్కలకే వేసుకోవచ్చు. మీకు షుగర్ ఉంది కనుక కేలరీలకంటే ఆ చేపతో తిన్న అన్నం గ్రాములు, తిన్న టైము తప్పకుండా రాయండి, డాక్టరుగారు ముందు చూసేది అదే. మందుల మోతాదు మాత్రం ఈ లెక్క చూసి మీ అంతట మీరు మార్చుకోకండి.

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. యాప్ పెట్టుకున్నప్పటి నుంచి కరివేపాకు కూడా తూస్తోంది, పెళ్లిళ్లకి రానంటోంది, అనుకున్న లెక్కకంటే వంద కేలరీలు ఎక్కువైతే ఏడుస్తోంది. బాగా చిక్కిపోయింది. కొలవడం మంచి అలవాటే కదా అని ఊరుకోనా?

జవాబు: ఊరుకోవద్దమ్మా. ఇంతవరకూ పై ఉత్తరాలకు నేను చెప్పినవేవీ మీ అమ్మాయికి వర్తించవు. ఎదిగే వయసు, చిక్కిపోయింది, తిండి పేరు చెబితే టెన్షన్, జనంలో తినలేకపోతోంది, ఈ నాలుగూ కలిసి కనిపిస్తే అది కొలిచే అలవాటు కాదు, వైద్యం అవసరమైన ఇబ్బంది. ఫోన్ లాక్కోవడం, తినమని అరవడం, ఎంత సన్నబడ్డావో చూడు అనడం ఏవీ వద్దు. తను ఒప్పుకుంటే కలిసి కూర్చుని యాప్ తీయించేయండి, కాటా కొన్నాళ్లు మీ గదిలో ఉంచండి. నెలసరి ఆగిందా, కళ్లు తిరుగుతున్నాయా అడిగి ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించండి, స్పృహ తప్పితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసు సంగతికి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే, అక్కడికి వెళ్లడానికి మొహమాటం ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఆ ఫోన్ ఈ రోజే చేయండి.