పనికీ టార్క్‌కీ ఒకే మితి ఫార్ములానా?

ప్రశ్న: భౌతిక రాశులను మితి ఫార్ములాలతో జతపరచండి అనే ప్రశ్న కనిపిస్తే చాలు, నాకు టెన్షన్ మొదలవుతుంది. ముప్పై దాకా బట్టీ పట్టాను కానీ పరీక్షలో తలతన్యత, స్నిగ్ధతా గుణకం కలిసిపోతున్నాయి. మొన్న సొంతంగా రాబట్టి చూస్తే పనికీ టార్క్‌కీ ఒకే ఫార్ములా వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పేమీ చేయలేదండీ, సరిగ్గానే రాబట్టారు. మితి ఫార్ములా అంటే ఒక రాశిలో ద్రవ్యరాశి (ఎం), పొడవు (ఎల్), కాలం (టి) ఏ ఘాతాలతో ఉన్నాయో చూపేది. పని అంటే బలాన్ని ఆ దిశలో జరిగిన దూరంతో గుణించడం, టార్క్ అంటే అదే బలాన్ని అక్షం నుంచి ఉన్న లంబదూరంతో గుణించడం. రెండింట్లోనూ ఉన్నది బలం, పొడవు. కాబట్టి రెండూ ఎం ఎల్² టి⁻² అవుతాయి. ఆ పొడవు బలం దిశలో ఉందా, దానికి అడ్డంగా ఉందా అన్నది మితి ఫార్ములాకు తెలియదు. అందుకే ఫార్ములా ఒకటే అయినంత మాత్రాన రాశులు ఒకటే అనుకోకూడదు. పనిని జౌళ్లలో చెబుతాం, టార్క్‌ను న్యూటన్ మీటర్లలోనే ఉంచుతాం.

ఇక బట్టీ సంగతి. దయచేసి మానేయండి, నిజంగా చెబుతున్నా, ముప్పై ఫార్ములాలు గుర్తుపెట్టుకోవడం కంటే ఒక్కో రాశికి ఒక్కో సమీకరణం గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక, ఎందుకంటే ఆ సమీకరణాలు మీరు లెక్కల్లో ఎలాగూ వాడుతూనే ఉంటారు. బలం ఎం ఎల్ టి⁻² అని తెలిస్తే సగం పని అయినట్టే. తలతన్యత అంటే ప్రమాణ పొడవుపై బలం, ఒక ఎల్ పోతుంది, మిగిలేది ఎం టి⁻². స్ప్రింగ్ స్థిరాంకానికీ అదే వస్తుంది. స్నిగ్ధతలో మాత్రం బలాన్ని వైశాల్యంతోనూ, వేగ ప్రవణతతోనూ భాగించాలి. వేగ ప్రవణత అంటే వేగాన్ని దూరంతో భాగించడమే కదా, అది టి⁻¹. అలా ఎం ఎల్⁻¹ టి⁻¹ వస్తుంది. ఈ రెండూ ఒక్కసారి చేత్తో రాసి చూడండి, మళ్లీ కలవవు.

పీడనం, ప్రతిబలం (రెండూ ప్రమాణ వైశాల్యంపై బలమే), యంగ్ గుణకం (ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే వచ్చేది) మూడింటికీ ఎం ఎల్⁻¹ టి⁻². వికృతికి, అంటే అసలు పొడవుతో పోలిస్తే పొడవులో వచ్చిన మార్పుకు, మితులే లేవు. జతపరిచేటప్పుడు ముందు విడిగా కనిపించేదాన్ని పట్టుకోండి: ఎం⁻¹ ఎల్³ టి⁻² ఉంటే అది దాదాపు ఎప్పుడూ విశ్వగురుత్వ స్థిరాంకమే, మామూలుగా ఇచ్చే జాబితాల్లో ఎం ఘాతాంకం రుణాత్మకంగా ఉండేవి చాలా తక్కువ.

నాకు బాగా ఇష్టమైన జత ఒకటుంది. శక్తిని పౌనఃపున్యంతో భాగిస్తే ప్లాంక్ స్థిరాంకం, ఎం ఎల్² టి⁻¹. ద్రవ్యరాశి, వేగం, వ్యాసార్ధాలను గుణిస్తే కోణీయ ద్రవ్యవేగం, అదీ ఎం ఎల్² టి⁻¹. టార్క్, పని లాగా ఇదీ పైపై పోలికే అనుకుంటాం కానీ, 1913లో భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ కోణీయ ద్రవ్యవేగం ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగిస్తే వచ్చే విలువకు పూర్ణాంక గుణిజంగానే ఉండాలని ప్రతిపాదించాడు. మితులు వేరైతే ఆ సమీకరణం రాయడానికే వీలుండేది కాదు.